గోదాం నిండితే ఫోన్ ఎందుకు తెగుతుంది? పనిచోట వైర్‌లెస్ హ్యాండ్‌సెట్ల లెక్క

క్లుప్తంగా: మిల్లులో, ఆస్పత్రిలో, ఫ్యాక్టరీలో చేతిలో పట్టుకుని తిరిగే ఆఫీసు ఫోన్లు పెట్టించుకోవాలనుకునేవాళ్లు ముందు సెట్టు ధర అడుగుతారు, కట్టడం సంగతి చివర చూస్తారు. మాట తెగకుండా వినపడటం మాత్రం సెట్టు మీద కంటే రేకు గోడల మీద, ఇనుప యంత్రాల మీద, గోదాంలో పేర్చిన బస్తాల మీద, కరెంటు మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే కొనకముందే, అదీ గోదాం నిండుగా ఉన్నప్పుడే, అక్కడ తిరిగి పరీక్ష చేసుకోవాలి.

మిర్యాలగూడ చుట్టుపక్కల ఉండే ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి తీసుకుందాం. గేటు దగ్గర వేబ్రిడ్జి, దాని పక్కన ఆఫీసు గది, లోపల పాలిషర్లు తిరిగే రేకుల షెడ్డు, వెనక బాయిలర్, ఆ పక్కన డ్రయ్యర్లు, ఇంకొంచెం దూరంలో రెండు మూడు గోదాములు. వడ్ల లారీలు గేటు బయట బారులు తీరిన రోజున ఆఫీసులోంచి డ్రయ్యర్ దగ్గరి మనిషికి ఒక్క ముక్క చెప్పాలంటే ఒక కుర్రాణ్ని పరిగెత్తించాల్సిందే. మొబైల్ చేస్తే మోతలో రింగు వినపడదు, వినపడినా రేకుల కింద సిగ్నల్ ఉండదు, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చేసరికి కాల్ కట్ అయిపోతుంది. నల్గొండలో నర్సింగ్ హోములకు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీల లాంటి వాటికి కూడా వేరే రూపంలో ఇదే ఇబ్బంది. ఇలాంటి చోట్ల ఇప్పుడు 'డెక్ట్ సిస్టం' (తీగ లేని ఆఫీసు ఫోన్ల పద్ధతి) అనే మాట కొటేషన్లలో కనిపిస్తోంది, దాంతోపాటు అయోమయం కూడా.

ఇప్పుడే ఈ ప్రశ్న ఎందుకు వస్తోంది

మొదటిది రాగి తీగ. నల్గొండ 08682, మహబూబ్‌నగర్ 08542, మిర్యాలగూడ 08689 అంటూ మొదలయ్యే పాత ల్యాండ్‌లైన్ నంబర్లు చాలా వ్యాపారాలకు ఇప్పటికీ ప్రాణం, పాత పార్టీలు ఆ నంబరుకే చేస్తారు. ఆ నంబర్లను రాగి తీగ మీదినుంచి ఫైబర్ మీదికి మారుస్తున్నారు. నంబరు అదే ఉంటుంది కానీ లోపలి పని మొత్తం మారిపోతుంది. పాత తీగలో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది కాబట్టి ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ చివర ఉండే చిన్న పెట్టెకు కరెంటు మన గోడలోంచే ఇవ్వాలి. లైను ఎలాగూ మారుస్తున్నాం, పాత ఎక్స్‌టెన్షన్ తీగలు ఎలుకలు కొరికేశాయి, మళ్లీ తీగలు లాగే బదులు వైర్‌లెస్‌కే పోదాం అని చాలామంది అనుకునేది ఈ దశలోనే.

రెండోది వాకీటాకీల మీద వచ్చిన కట్టడి. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు మాత్రమే లైసెన్స్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెట్లు చాలావరకు ఈ గీత దాటేవే. వాటి అమ్మకం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు తెచ్చింది, ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులూ ఇచ్చింది. దాంతో ఏ సెట్టు వాడొచ్చు, ఏది వాడకూడదన్న టెన్షన్ మిల్లుల దాకా వచ్చింది.

మూడోది సొంత మొబైళ్ల మీద ఆంక్షలు. మందుల తయారీ బ్లాకుల్లోకి సొంత ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఫొటోల భయం ఒకటి, మంట పట్టే ద్రావకాల దగ్గర మామూలు బ్యాటరీ పరికరం ఉండకూడదన్న భద్రత నియమం ఇంకొకటి.

గాలిలో మాట ఎలా నడుస్తుంది

డెక్ట్ అనేది ఒక కంపెనీ పేరు కాదు, ప్రమాణం పేరు. యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ దీన్ని 1992లో తెచ్చింది. యూరప్ రకం సెట్లు 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఆ పట్టీని పది దారులుగా విడగొడతారు. ఒక్కో దారిలో ప్రతి పది మిల్లీసెకన్లను 24 ముక్కలు చేసి, 12 ముక్కలు బేస్ (ఒక చోట బిగించి ఉండి హ్యాండ్‌సెట్లతో గాలిలో మాట్లాడే పెట్టె) మాట్లాడటానికి, 12 ముక్కలు హ్యాండ్‌సెట్ మాట్లాడటానికి ఇస్తారు. అంటే మొత్తం 120 జతలు. ఒక గదిలో చాలామంది కూర్చుని ఒకరి తర్వాత ఒకరు సెకనులో వందో వంతు లోపే తలో ముక్క మాట్లాడి ఆగినట్టు ఉంటుంది ఇది, చెవికి మాత్రం మాట ధారగానే వినపడుతుంది.

దీనివల్ల రెండు లాభాలు. హ్యాండ్‌సెట్ 24 ముక్కల్లో ఒక్క ముక్క సేపే ప్రసారం చేస్తుంది కాబట్టి ఆ క్షణంలో శక్తి 250 మిల్లీవాట్లున్నా సగటు పది మిల్లీవాట్లే పడుతుంది. మొబైల్ టవర్‌ను వెతుక్కుంటూ శక్తి పెంచుకునే ఫోనుతో పోలిస్తే ఇది చాలా తక్కువ, బ్యాటరీ ఒక షిఫ్టంతా నిలిచేది ఇందుకే. రెండోది, ఏ దారి ఖాళీగా ఉందో సెట్టు తనే చూసుకుని ఎంచుకుంటుంది. పక్క మిల్లు కూడా డెక్ట్ పెట్టుకుంటే ఎలా అని భయపడక్కర్లేదు.

ఒక్క బేస్‌కు సిద్ధాంతప్రకారం 12 కాల్స్. తయారీదారులు చాలాసార్లు అంతకంటే తక్కువకే హామీ ఇస్తారు, మాట నాణ్యత పెంచే హెచ్‌డీ మోడ్ పెడితే ఒక్కో కాల్ రెండు ముక్కలు తింటుంది, సంఖ్య సగానికి పడిపోతుంది. మిల్లుకు, చిన్న ఆస్పత్రికి ఇది సమస్య కాదు. ఒకే చోట ఒకేసారి ఎనిమిది మంది మాట్లాడటం అరుదు.

దూరం విషయంలోనే మోసపోయేది. కరపత్రం మీద 300 మీటర్లని ఉంటుంది. అది అడ్డేమీ లేని మైదానంలో. కట్టడం లోపల 50 మీటర్లు వస్తే బాగా వచ్చినట్టే. ఎదురుగా చూపు ఆనితే ఎంత తేడా వస్తుందో తెలియాలంటే మన దేశం సంగతే ఒకటుంది. 1990లలో ఐఐటీ మద్రాస్‌లో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం ఇదే డెక్ట్ పద్ధతి మీద 'కార్‌డెక్ట్' తయారుచేసింది, తీగలు వేయలేని పల్లెలకు ఫోన్ ఇవ్వడానికి. ఇంటి మీద యాంటెన్నా పెట్టి టవర్‌కు సూటిగా తిప్పితే పది కిలోమీటర్ల దాకా మాట అందేది. పది కిలోమీటర్లు పోయే పద్ధతి ఒక రేకు గోడ దగ్గర ఆగిపోతుందంటే, దూరం కంటే అడ్డమే పెద్ద విషయమని అర్థం.

అన్ని కార్డ్‌లెస్‌లూ ఒకటి కావు

మన దగ్గర అమ్ముడైన కార్డ్‌లెస్ సెట్లలో 2.4 గిగాహెర్ట్జ్‌వి కూడా ఉన్నాయి. ఆ పట్టీకి 2005లోనే లైసెన్స్ ఎత్తేశారు, వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే గుమిగూడాయి. ఆస్పత్రిలో వైఫై బాగా వాడే అంతస్తులో ఇలాంటి సెట్టు పెడితే ఫోన్‌లో గరగర, ల్యాప్‌టాప్‌లో నెమ్మది, రెండూ వస్తాయి. డెక్ట్ వేరే పట్టీలో ఉంటుంది కాబట్టి ఈ గొడవ ఉండదు.

ఇంకో రకం ఉంది, దీని గురించి గట్టిగా చెప్పాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే 'డెక్ట్ 6.0' సెట్లు 1920–1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. మన దేశంలో 1920 నుంచి 1980 వరకు మొబైల్ ఫోన్ల నుంచి టవర్‌కు పోయే దారి. ఆ సెట్టు ఆన్ చేస్తే ఇంట్లో బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది, కానీ దగ్గర్లోని టవర్ వినికిడిని పాడుచేస్తుంది. అది చట్టానికి విరుద్ధం, పైగా పక్కింటివాడు 108కి చేసే కాల్‌ను కూడా చెడగొట్టొచ్చు. ఊరికే వచ్చింది కదా అని ఆఫీసులో తగిలించుకోకూడదు. కొనే ప్రతి మోడల్‌కూ టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉందా అని అమ్మేవాళ్లను కాగితం అడగడం కొనేవాళ్ల హక్కు.

రేకు, ఇనుము, వడ్ల బస్తా

అసలు కథ ఇక్కడుంది. 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు దాదాపు 16 సెంటీమీటర్లు, జానెడు కంటే కొంచెం తక్కువ. ఇటుక గోడ దీన్ని కొంత తింటుంది, కాంక్రీటు స్లాబు ఎక్కువ తింటుంది, రేకు అసలు పోనివ్వదు, వెనక్కి కొడుతుంది. రేకుల షెడ్డు లోపల బేస్ పెడితే బయటికి రాదు, బయట పెడితే లోపలికి పోదు. తలుపులోంచి, కిటికీ సందుల్లోంచి కొంత జారుతుంది, అంతే.

వెనక్కి కొట్టడం వల్ల ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది ఇన్‌స్టాలర్లు కూడా పట్టించుకోరు. ఖాళీ గోదాంలో గట్టిగా అరిస్తే మాట ప్రతిధ్వనిస్తుంది కదా, రేడియో తరంగం కూడా అంతే. సూటిగా వచ్చిన తరంగం ఒకటి, పైరేకుకు తగిలి వచ్చింది ఒకటి, వడ్లు పైకెత్తే ఎలివేటర్ ఇనుప గొట్టానికి తగిలి వచ్చింది ఇంకొకటి. డెక్ట్‌లో సెకనుకు 11 లక్షల 52 వేల బిట్లు పోతాయి, అంటే ఒక్కో బిట్‌కు దాదాపు 870 నానోసెకన్లు. 60 మీటర్లు చుట్టు తిరిగొచ్చిన తరంగం 200 నానోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఒక బిట్‌లో దాదాపు నాలుగో వంతు. ముందు బిట్ తోక వచ్చి వెనక బిట్ తల మీద పడుతుంది, సెట్టుకు ఏది ఏదో తెలియదు. ఫలితం విచిత్రంగా ఉంటుంది: సెట్టు మీద సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉంటాయి, మాట మాత్రం ముక్కలుముక్కలుగా వస్తుంది. 'సిగ్నల్ ఫుల్ ఉంది సార్, సెట్టే బాగాలేదు' అని సెట్లు మార్చుకుంటూ పోయేది ఇలాంటి చోటే. సెట్టు మారిస్తే పోయేది కాదు ఇది. బేస్‌ల మధ్య దూరం తగ్గించి, ఇనుముకు కనీసం అర మీటరు ఎడంగా, పైకప్పు దూలాలకు కిందుగా పెడితే సూటిగా వచ్చే తరంగం బలపడి ప్రతిధ్వని వెనక్కి తగ్గుతుంది.

ఇక బస్తాలు. కొనుగోలు కేంద్రాల్లో వడ్లకు తేమ పరిమితి 17 శాతం. నలభై కిలోల బస్తా 17 శాతం తేమతో వస్తే అందులో ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాముల నీళ్లున్నట్టు. పదివేల బస్తాలు పేర్చిన గోదాంలో 68 వేల లీటర్ల నీళ్లు గోడలా నిలబడ్డట్టు లెక్క. గింజలో ఇమిడిపోయిన నీరు తొట్టిలో నీరంత గట్టిగా రేడియోను తినకపోయినా, బస్తాల వరుస దాటేసరికి తరంగంలో మిగిలేది చాలా తక్కువ. ఆగస్టులో గోదాం ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి పరీక్ష చేసిన టెక్నీషియన్‌కు అంతా బ్రహ్మాండంగా ఉంటుంది. నవంబరులో వానాకాలం పంట దిగాక, కప్పు దాకా బస్తాలు లేచాక, గోదాం వెనక కొసన నిలబడ్డ హమాలీ మేస్త్రీకి ఫోన్ కలవదు. సెట్టు చెడలేదు, ఎవరూ తప్పు చెప్పలేదు, ఆ రోజుకూ ఈ రోజుకూ మధ్యలో ఒక తడి గోడ లేచింది.

దీని వెనక మరో లోతైన సమస్య ఉంది. ఒకటి కంటే ఎక్కువ బేస్‌లున్నప్పుడు అవన్నీ ఒకే తాళానికి నడవాలి, పది మిల్లీసెకన్ల చక్రం అన్నింటిలో ఒకేసారి మొదలవ్వాలి. అలా ఉంటేనే నడుస్తూ మాట్లాడే మనిషి కాల్ ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కు తెగకుండా జారుతుంది. ఈ తాళాన్ని చాలా సిస్టమ్స్‌లో బేస్‌లు గాలిలోనే ఒకదాని నుంచి ఒకటి వింటాయి. ఆ వినే దారికి అడ్డంగా గోదాం ఉందనుకోండి, బస్తాలు నిండిన రోజున వెనకున్న బేస్ తాళం తప్పుతుంది. షెడ్డులో కాల్స్ బాగుంటాయి, గోదాంలోనూ బాగుంటాయి, షెడ్డులోంచి గోదాంలోకి నడిస్తే మాత్రం ప్రతిసారీ కట్. ఇలాంటి లక్షణం కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ తాళాన్నే. దీనికి మందు రెండు రకాలు: బస్తాల ఎత్తు దాటి ఒకదాన్నొకటి వినేలా బేస్‌లు పెట్టడం, లేదా నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే తాళం అందించే రకం కొనడం. రెండోదానికి మంచి నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) కావాలి, ఇంట్లో వాడే చౌక రకం చాలదు.

కొనకముందు నడవాలి

కొటేషన్‌లో 'సైట్ సర్వే' అని ఒక వరుస ఉంటుంది, బేరంలో మొదట కొట్టేసేది దాన్నే. కొట్టేయకూడనిది అదొక్కటే. సర్వే అంటే మ్యాప్ మీద వలయాలు గీయడం కాదు. ఒక బేస్‌ను బ్యాటరీకి తగిలించి, నిచ్చెనకో వెదురు బొంగుకో కట్టి, రేపు ఎంత ఎత్తున బిగించబోతున్నారో అంత ఎత్తున నిలబెట్టాలి. ఒకరు అక్కడ, ఇంకొకరు హ్యాండ్‌సెట్‌తో నడవాలి. నడిచే మనిషి ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు చదువుతూ పోతుంటే వినే మనిషి ఏ అంకె వినపడలేదో కాగితం మీద రాసుకోవాలి. 'హలో, వినపడుతోందా' అంటే మెదడు తప్పిపోయిన ముక్కను తనే పూరించుకుంటుంది, అంకెలు అలా పూరించలేం.

సెట్టులో సర్వే మోడ్ ఉంటే సిగ్నల్ అంకెల్లో కనపడుతుంది. మామూలు ఆఫీసులకు మైనస్ 70 డీబీఎం దగ్గర సరిపోతుందని ప్లానింగ్ పుస్తకాలు చెబుతాయి, ఇనుము నిండిన హాళ్లకు అంతకంటే బలమైన మైనస్ 60 దగ్గర ఆపుకోవడం మంచిది. అంటే అదే విస్తీర్ణానికి బేస్‌లు ఎక్కువ పడతాయి, ఖర్చు పెరుగుతుంది, దీన్ని ముందే ఒప్పుకోవాలి. యంత్రాలన్నీ తిరుగుతుండగా, గోదాంలో సరుకు ఉండగా నడవాలి. సెట్టును చేతిలో పైకెత్తి పట్టుకుని కాకుండా, పనివాడు పెట్టుకున్నట్టే నడుముకు తగిలించుకుని కూడా ఒక చుట్టు తిరగాలి, ఒంట్లో ఉన్న నీరు కూడా అడ్డమే. లెట్రిన్ల వైపు, బాయిలర్ వెనక, ఊక కుప్ప పక్కన, గేటు అవతల లారీల దగ్గర, మనిషి ఒంటరిగా ఉండే ప్రతి చోటా చూడాలి. ప్రమాదం జరిగినప్పుడు ఫోన్ కావాల్సింది అలాంటి చోట్లే.

తీగ లాగడం ఇష్టంలేక రిపీటర్లతో (బేస్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టెలతో) సరిపెడదామనే సలహా వస్తుంది. ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఒక మూల అందకపోతే రిపీటర్ పర్లేదు. కానీ రిపీటర్ కొత్త సామర్థ్యం ఏమీ తేదు, బేస్‌కున్న ముక్కల్లోంచే తీసుకుంటుంది. మూడు నాలుగు కట్టడాలున్న చోట రిపీటర్ల గొలుసు కట్టడం డబ్బు ఆదా చేసినట్టు అనిపిస్తుంది, ఒక సీజన్ దాటేసరికి మళ్లీ కేబుల్ లాగుతారు.

మొబైల్, వాకీటాకీ, వైఫై ఫోన్‌తో పోలిస్తే

అందరి దగ్గరా మొబైళ్లు ఉన్నాయి కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. సిగ్నల్ బాగా ఉండి, పదిమంది లోపు పనిచేసే చోట మొబైల్ చాలు, ఈ వ్యాసంలో ఉన్నదేదీ వాళ్లకు అవసరం లేదు. మొబైల్ ఎక్కడ దెబ్బతింటుందంటే, అది మనిషిది, పనిది కాదు. బాయిలర్ ఆపరేటర్ సెలవు పెడితే అతని నంబరూ సెలవే. డెక్ట్ సెట్టు బాయిలర్‌ది, ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్లు ఎత్తుతారు.

వాకీటాకీ బలం ఒక్క బటన్‌తో అందరికీ ఒకేసారి చెప్పడం. లారీలు వెనక్కి తీసేటప్పుడు దీన్ని మించింది లేదు. కానీ ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, బయటి కాల్ అందులోకి రాదు, రోగి వివరాల లాంటివి అందరి చెవినా పడతాయి.

వైఫై ఫోన్‌తోనే అసలు పోటీ. వైఫై ఇప్పటికే బాగా వేసిన ఆస్పత్రికి అదే దారిలో ఫోన్లు నడపడం సహజమైన ఆలోచన. తేడా చేతులు మారే క్షణంలో వస్తుంది. డెక్ట్ సెట్టు పాత బేస్‌ను వదలకముందే కొత్త బేస్‌ను పట్టుకుంటుంది. వైఫైలో సెట్టు తనకు తోచినప్పుడు మారుతుంది, చాలాసార్లు ఒకటి వదిలాకే ఇంకోటి పడుతుంది, నెట్‌వర్క్‌ను దానికోసం ప్రత్యేకంగా దిద్దితే తప్ప కారిడార్‌లో నడుస్తుంటే మాట తెగుతుంది. బ్యాటరీ కూడా డెక్ట్‌దే ఎక్కువ నిలుస్తుంది. రిపోర్టు ఫొటో పంపాలి, యాప్ తెరవాలి అంటే మాత్రం డెక్ట్ పనికిరాదు, అది మాట కోసమే పుట్టింది.

ద్రావకాలు వాడే మందుల బ్లాకుల్లో ఈ పోలికలేవీ చెల్లవు. అక్కడికి నిప్పురవ్వ పుట్టని రకంగా ధ్రువీకరించిన హ్యాండ్‌సెట్లే వెళ్లాలి. వాటి ధర మామూలు సెట్టు కంటే చాలా ఎక్కువ. దాన్ని తగ్గించుకోవడానికి మామూలు సెట్టును లోపలికి పంపడం ప్రాణాలతో ఆడుకోవడం.

కరెంటు, ఎండ, పిడుగు

పాత ల్యాండ్‌లైన్ మనకు ఒక అలవాటు చేసింది, ఫోన్‌కు కరెంటుతో పనిలేదని. కొత్త ఏర్పాటులో ఫైబర్ పెట్టె, ఆఫీసులో కాల్స్ కలిపే ఎక్స్ఛేంజి పెట్టె, నెట్‌వర్క్ స్విచ్, బేస్‌లు, అన్నీ వరుసగా బతికి ఉండాలి. ఒక్కటి ఆరినా అన్నీ మూగబోతాయి. బేస్‌లకు విడి ప్లగ్గులు పెట్టకుండా నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్ పెట్టుకుంటే, ఆఫీసులో ఒక్క చోట బ్యాకప్ ఇస్తే మిల్లంతా బతుకుతుంది. ఒక్కో బేస్‌కు ఐదు వాట్లు వేసుకున్నా ఆరు బేస్‌లకు 30, మిగతా పెట్టెలన్నీ కలిపి ఇంకో 45, మొత్తం 75 వాట్లు. ఇంట్లో ఒక ఫ్యాన్ తినేంత. 150 యాంపియర్ అవర్ల మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఇది సగం రోజుకు తక్కువ కాకుండా నడుస్తుంది. జనరేటర్ ఉంది కదా అని ఈ బ్యాటరీని వదిలేస్తే, కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లలో అన్నీ ఆగి మళ్లీ లేవడానికి నిమిషాలు పడుతుంది. సరిగ్గా ఆ నిమిషాల్లోనే బాయిలర్ దగ్గర ఎవరో ఒకరు ఆఫీసుకు చేస్తుంటారు. పెద్ద మోటార్లు మొదలయ్యే లైను మీద ఈ పెట్టెలు పెట్టకూడదు, వోల్టేజి పడిపోయిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతాయి.

నల్గొండ, పాలమూరు ఎండాకాలం ఎవరికీ చెప్పక్కర్లేదు. బయట 44 డిగ్రీలున్న రోజు రేకు కింద అంతకంటే చాలా ఎక్కువ. చాలా బేస్‌లను 40, 45 డిగ్రీల దాకానే తయారుచేస్తారు. పైకప్పుకు ఆనించకుండా గాలి తగిలే ఎత్తున పెట్టడం ఇందుకోసం కూడా అవసరం. చార్జర్లను బాయిలర్ వైపు పెడితే బ్యాటరీలు ఏడాదికే ఉబ్బుతాయి. ఊక దుమ్ము, తవుడు దుమ్ము మైకు రంధ్రాల్లో చేరతాయి కాబట్టి దుమ్ము లోపలికి పోని ఐపీ65 రకం సెట్లు ఇక్కడ దండగ ఖర్చు కాదు.

పిడుగుల సంగతి. ఆఫీసు నుంచి గోదాంకు రాగి నెట్‌వర్క్ కేబుల్‌ను గాలిలో వేలాడదీస్తే దగ్గర్లో ఎక్కడ పిడుగు పడ్డా ఆ దెబ్బ ఆఫీసు స్విచ్ దాకా వస్తుంది. పైగా రాగి కేబుల్ వంద మీటర్లు దాటకూడదు. కట్టడానికీ కట్టడానికీ మధ్య ఫైబర్ వేసి, అవతల చిన్న స్విచ్ పెట్టుకుంటే రెండు సమస్యలూ పోతాయి. ఆ అవతలి స్విచ్‌కూ బ్యాకప్ ఉండాలన్నది మరిచిపోతుంటారు.

తాళం వేయని తలుపులు

ఇంటర్నెట్‌కు తగిలిన ఏ ఎక్స్ఛేంజి పెట్టెనైనా పాస్‌వర్డ్ మార్చకుండా వదిలితే రాత్రికి రాత్రి ఎవరో దూరంగా కూర్చుని మన లైను మీద విదేశాలకు కాల్స్ చేసుకోవచ్చు, బిల్లు మనకు వస్తుంది. ఐఎస్‌డీ అవసరం లేకపోతే లైను ఇచ్చే కంపెనీ దగ్గరే మూయించాలి.

గాలిలో దొంగచాటుగా వినడం కూడా నిజమైన విషయమే. డెక్ట్ పాత భద్రత పద్ధతిలోని లోపాలను పరిశోధకులు 2008 డిసెంబరులో బయటపెట్టారు. తర్వాత పద్ధతులు బలపడ్డాయి, కానీ సెట్టింగుల్లో ఆన్ చేస్తేనే. కొత్త సెట్టు రిజిస్టర్ చేసే పిన్ 0000గానే వదిలేస్తే గేటు బయట నిలబడ్డవాడు కూడా ఒక సెట్టును చేర్చుకునే ప్రయత్నం చేయొచ్చు. రిజిస్ట్రేషన్ పని అయ్యాక ఆ తలుపు మూసేయాలి.

అన్నింటికంటే ముఖ్యమైనది 112. ఎక్స్‌టెన్షన్ నుంచి బయటికి చేయాలంటే ముందు సున్నా నొక్కాలన్న పద్ధతి చాలా చోట్ల ఉంది. చెయ్యి యంత్రంలో పడ్డ మనిషి పక్కనున్నవాడికి ఆ సున్నా గుర్తుండదు. 112, 108, 101 నేరుగా కలిసేలా ప్రోగ్రాం చేయించి, అందరి ముందూ ఒకసారి చేసి చూపించాలి. అవతలివాళ్లకు కనపడేది ఆఫీసు నంబరే కాబట్టి గోదాం ఎటువైపు, ఏ గేటు తెరవాలి అన్నది చెప్పడం కూడా నేర్పాలి.

ఎవరి చేతిలో ఏ సెట్టు

సెట్లు సార్లకు ఇచ్చి, బాయిలర్ దగ్గర మనిషికి ఇవ్వని చోట ఈ సిస్టం ఆర్నెల్లలో ఆఫీసు గదిలో చార్జర్ మీద కూర్చుంటుంది. తిరిగేవాళ్లకు, ఒంటరిగా పనిచేసేవాళ్లకు ముందు ఇవ్వాలి: డ్రయ్యర్, బాయిలర్, వేబ్రిడ్జి, గోదాం, రాత్రి వాచ్‌మన్. ఆస్పత్రిలో అయితే డ్యూటీ నర్సు, ఓటీ, ల్యాబు, ఫార్మసీ, అంబులెన్స్ డ్రైవరు. పాలిషర్ల మోతలో రింగు ఎవరికీ వినపడదు కాబట్టి అక్కడ వైబ్రేషన్ ఉన్న సెట్టు, దానికి తోడు గోడ మీద మెరిసే లైటు కావాలి.

నంబర్లు మనుషుల పేర్ల మీద కాకుండా చోట్ల పేర్ల మీద ఉండాలి. చాలా సెట్ల తెరల మీద తెలుగు అక్షరాలు రావు, మిల్లుల్లో హమాలీలు చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకు తెలుగూ ఇంగ్లీషూ రెండూ చదవడం కష్టమే. అందుకని ఒక్కో చోటికి ఒక రంగు, ఒక రెండంకెల నంబరు పెట్టుకుని, సెట్టు వెనక ఆ రంగు స్టిక్కర్ వేసి, అదే రంగు పెయింటుతో ఆ అంకెను జానెడెత్తున గోడ మీద రాయిస్తే సరిపోతుంది. 21 ఎరుపు బాయిలర్, 22 పసుపు డ్రయ్యర్, 23 నీలం వేబ్రిడ్జి. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి సెట్టు చేతికిచ్చి, చార్జింగ్ ఎంతుందో రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి, బాయిలర్ లాగ్‌బుక్‌లో ప్రెషర్ రాసినట్టే.